వెల్లుల్లి వలిస్తేనే సూది

ఎడమ చేత్తో రబ్బరు పట్టీ అందుకుంటూనే, కుడి చేత్తో ఎదుటి మనిషి ఒళ్ళో వెల్లుల్లి గిన్నె పెడుతుంది మనాంగ్ లూమింగ్. ఇరవై రెబ్బలు వలిస్తే తప్ప రక్తం తియ్యదు. మేయరు తమ్ముడైనా సరే, వలవాల్సిందే.

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో, ఆవిడ పనిచేసే మా వీధి ల్యాబులో నేను మిషన్లు బాగుచేస్తాను. మనాంగ్ అంటే మా భాషలో అక్క. ఆవిడని, వచ్చినవాళ్ళ చేత ఊరికే వంటపని చేయించుకునే పిసినారి అనుకునేవాణ్ణి. దానికితోడు చాదస్తం. తూకం మిషను బాగుచెయ్యమని ఇచ్చి మూడేళ్ళయింది. నాలుగుసార్లు బాగుచేసి తెచ్చినా, ఇంకా తేడాగా ఉందని తిప్పి పంపింది. కానీ చెయ్యి మంచిది. ఒక్క పోటుకే నరం దొరుకుతుంది.

ఆ పొద్దున ట్రైసికిల్ ఆటో నడిపే క్రిస్పిన్ చెమటలు కక్కుతూ వచ్చాడు. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకుని ఏడాదైంది. చాలా తగ్గాడు గానీ మూడు నెలలుగా తూకం ముల్లు కదలడం లేదు. మా ఊళ్ళో పలకరింపే "లావయ్యావే" అని. వీధి మొదటి నుంచి ల్యాబు దాకా ఐదుగురు పలకరించారట. పోయిన నెల వేరేచోట తీసిన రక్తంలో ఒత్తిడి హార్మోను మరీ ఎక్కువగా వచ్చింది. ఈసారీ అంతే వస్తే, ఆపరేషన్ దండగైందనుకుని ఇక డాక్టరు గడప తొక్కనన్నాడు.

"త్వరగా గుచ్చు మనాంగ్, పోతాను."

"ముందు వలువు."

"పరగడుపున వచ్చాను. చూస్తే ఆకలేస్తోంది."

"వలవమన్నాను గానీ తినమన్నానా?"

మొదటి ఐదు రెబ్బల్నీ గోళ్ళతో చీల్చాడు. పదో రెబ్బకి ఊపిరి నిదానించింది. పదిహేనో రెబ్బకి పెళ్ళాం చేసే చేపల పులుసు గురించి చెబుతున్నాడు. ఇరవై అయ్యాక సూది దిగిన సంగతే గమనించలేదు.

అతను వెళ్ళాక, ఇంత వెల్లుల్లి ఏం చేసుకుంటావని అడిగేశాను.

"నాకది పడదు తమ్ముడూ. పక్కన గంజి బండివాడికి ఇచ్చేస్తా. పరిగెత్తుకొచ్చినవాడి రక్తం తీస్తే వాడి భయం కూడా అంకెల్లోకి ఎక్కుతుంది. ఊరికే కూర్చోమంటే, కూర్చుని భయపడతారు."

మర్నాడు క్రిస్పిన్ వచ్చాడు. ఆవిడ రిపోర్టు చదివింది. ఒత్తిడి హార్మోను హద్దులోనే ఉంది. ఒంట్లో వాపు చూపే అంకె, ఆపరేషన్‌కి ముందున్న దాంట్లో మూడో వంతుకి దిగింది.

"మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు పట్టుకోవడం మానేశావు, చూశావా? మిగతాది డాక్టరుగారిని అడుగు."

"మరి బరువు?"

"తూకం మిషను పాడైంది. ఇడుగో, వీడి దగ్గరే ఉంది."

మళ్ళీ బాగుచేసి తెచ్చిన మిషను నా కాళ్ళ దగ్గరే ఉంది. మూడేళ్ళుగా ఆవిడ దాన్ని ఎందుకు తిప్పి పంపుతోందో అప్పుడర్థమైంది. అదింకా తేడాగానే ఉందని చెప్పాను.

ఆ రోజు సూది లేకపోయినా, ఎవరూ అడక్కుండానే క్రిస్పిన్ గిన్నె ఒళ్ళోకి లాక్కున్నాడు. ఇరవయ్యో రెబ్బ వలిచి గిన్నె ఆవిడకిచ్చాడు. ఆవిడ రిపోర్టు అతని చేతిలో పెట్టింది.