బొటనవేలంత పిండి

మా అత్తమ్మ పోయిందని లక్సెట్టిపేట నుంచి తంతి వచ్చింది. ఇంగ్లీషులో ఉందని మా ఆయనతో రెండుసార్లు చదివించుకున్నాను. ఆమే అయితే పక్కింటివాళ్లతో మూడోసారి చదివించేది. కాగితాన్నీ, తరాజునూ, కోడలినీ ఒక్కరి మాట మీద నమ్మే మనిషి కాదు.

శేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్తలో ఆమె అనుమానానికి అంతు లేకుండా పోయింది. "శేరు కన్న కిలో జర ఎక్కువే అవ్వా" అని దుకాణపు సేటు నచ్చజెప్పబోతే, "గట్లయితే ఇంకా ఫికరే. ఎవడన్న ఊకెనే ఎక్కువిస్తడా?" అంది. ఇంటికొచ్చి, కొన్న చక్కెరను తన ఇత్తడి సోలతో కొలిచేది. తెల్లారి మళ్లీ కొలిచేది. ఆ రెండో కొలత సేటు కోసం కాదు, కొత్త కోడలినైన నాకోసం. నాకు ఒళ్లు మండేది.

ఆమె అరిసెలంటే వాడకట్టంతా పడిచచ్చేది. నాలుగు సోలల పిండికి రెండు సోలల బెల్లం, అంతే అనేది. సోల మాత్రం నా చేతికిచ్చేది కాదు. నాకు వీపు పెట్టి కొలిచేది.

మా ఆయనకు ఆదిలాబాద్ పత్తి జిన్నింగు మిల్లులో పని దొరికింది. అక్కడ నాకు సోల ఎక్కడిది? అందుకే వెళ్లేముందు, ఆమె స్నానానికి పోయిన సందు చూసి, సోల నిండా పిండి పోసి, అంచుకు సమంగా తలకొట్టి, కొంగుచాటున సేటు దగ్గరికి పట్టుకుపోయి తూకం వేయించాను. బెల్లం కూడా అట్లాగే. నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆ తూకంతో చేసిన అరిసెలు అంచులు పగిలి రాళ్లలా వచ్చాయి. ముసలామె కావాలనే తప్పు చెప్పిందని ఏడ్చాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

బతుకమ్మకు అత్తగారింటికి వెళ్లినప్పుడు, ఆమె పిండి కొలుస్తుంటే పక్కకు జరిగి కన్నేసి చూశాను. సోలకు పిడి లేదు. పిండి ముంచితే ఆమె బొటనవేలు మొదలంటా లోపలే. బెల్లానికైతే వేలు బయట, పిడికిలితో అదిమేది. సోలసోలకూ వేలంత పిండి తక్కువ పడుతోందన్నమాట.

"అత్తమ్మా, నీ బొటనేలు లోపలున్నది" అన్నాను.

వేలు చూసుకుంది. నన్ను చూసింది. "ఎన్నొద్దుల సంది సూస్తున్నవే?"

"ఇయ్యాల్నే."

"అబద్ధం."

వేలు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కొలిచి, రెండు పళ్లేల్లో పోసి చాలాసేపు చూసింది. అన్నేళ్లుగా తనకే తెలియని సంగతి. చివరికి సోల నా ముందుకు తోసింది.

"ఇగ నువ్వే కొలువు. కొంగుల దాసుకపోయే పని లేదు. సేటు గప్పుడే చెప్పిండు."

తెలిసి కూడా ఇన్నాళ్లు నన్నొక్క మాట అనలేదు. కొలిచినంతసేపూ రెప్ప వెయ్యకుండా చూసింది, అది వేరే సంగతి. అయినా ఆ ఇంటికి నేను కోడలినైంది ఆ రోజేననిపించింది.

కర్మలయ్యాక ఆడపడుచు ఆ సోల నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యుమన్నది. నేను మార్చిన్నేమో సూసి తీస్కోమన్నది" అంటూ ఏడ్చింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

నిన్న ఆదిలాబాద్‌లో ఆ సోలతో పిండి ముంచాను. వేలు బయట ఉంచాలనే అనుకున్నాను. తలకొట్టి చూస్తే లోపలే ఉంది. మెల్లగా తీశాను. పిండిలో బొటనవేలంత గుంట మిగిలింది. దాన్ని నింపలేదు.