ఆంప్ కోసం అలకపాన్పు

మా అల్లుడు గిటారును తీసుకెళ్ళి వంటింటి పక్క ప్రెస్‌లో, చీపురుకూ ఇస్త్రీ బల్లకూ మధ్య నిలబెట్టాడు. ఈ దేశంలో అల్మరాను ప్రెస్ అంటారు. నేను చూసి ఊరుకున్నాను. అల్లుడి వస్తువుల జోలికి అత్తగారు వెళ్ళకూడదు. కానీ చలికాలం పోయి పచ్చిక మొలిచినా అది అక్కణ్ణుంచి కదల్లేదు.

ట్రాలీ అనే ఈ ఊళ్ళో ఆరు నెలలుండి పోదామని వచ్చాను. కరోనాకు విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్నాను. అల్లుడు ఊళ్ళోని పెద్దాసుపత్రిలో డాక్టరు. గుంటూరులో చదివేటప్పుడు హాస్టల్లో గిటారు నేర్చాడట. ఇక్కడికొచ్చాక కంట్రీ పాటల్లో పడ్డాడు. కంట్రీ అంటే ఇక్కడి పల్లెల వాళ్ళు జంటలుగా ఆడే డాన్సు పాటలు. వదిలొచ్చిన ఊరూ, తల్లీ, లారీ నడిపేవాడూ, వాణ్ణి వద్దని వెళ్ళిపోయిన పిల్లా. ఎన్ని పాటలు విన్నా ఇంతే. వీళ్ళది నలుగురి బ్యాండు. పాడే ఆవిడ బడిలో టీచరు. డ్రమ్ములు కొట్టేది ఒక పాడిరైతు. మూడో ఆయన మా వీధి చివరుండే పోస్ట్‌మన్, రిటైరయ్యాడు. నాలుగోవాడు మావాడు.

కంట్రీ గిటారు ఎలా వాయించాలో మా అల్లుడికి నేర్పింది ఆ పోస్ట్‌మన్నే. వేళ్ళు పట్టేసి తను వాయించలేక పాటకే మిగిలాక, తన ఆంప్ కూడా అల్లుడికే ఇచ్చాడు. ఆంప్ అంటే గిటారు చప్పుడును పెద్దది చేసే పెట్టె. ఆయనది పాతకాలపు రకం, లోపల గాజు వాల్వులుండేది. మా చిన్నప్పుడు పంచాయతీ ఆఫీసు రేడియోలో ఉండేవి, అవే. స్విచ్చి వేయగానే పలకవు. ఎర్రగా వెలిగి, కాస్త వేడెక్కి, కాలిన దుమ్ము వాసన వచ్చాక నోరు విప్పుతాయి. రెండు స్పీకర్లతో బియ్యం పెట్టెంత ఉండేది. ఇద్దరు పట్టనిదే లేచేది కాదు.

ఆ చలికాలం రోగం ఎక్కువైనప్పుడు పోస్ట్‌మన్ అదే ఆసుపత్రిలో పోయాడు. ఆ రోజు వార్డులో డ్యూటీ మా అల్లుడిది. చావుకు ఎక్కువమందిని రానివ్వని రోజులు. శవపేటిక కారు వీధిలోంచి నెమ్మదిగా వెళ్తుంటే ఎవరి గేటు ముందు వాళ్ళం నిలబడ్డాం. మర్నాడు అల్లుడు ఆ ఆంప్‌ను, సాయానికి ఎవర్నీ పిలవకుండా, చక్రాల బల్ల మీద తోసుకెళ్ళి ఆయన భార్య గ్యారేజీలో అప్పగించి వచ్చాడు. గిటారు ప్రెస్‌లోకి వెళ్ళింది ఆ సాయంత్రమే.

ఎండలు వచ్చాక, ఆరుబయటైతే పాట పెట్టుకోవచ్చన్నారు. పాడే ఆవిడ ఫోను చేసింది. పాడిరైతు తన పాకల ముందు ఖాళీలో లారీ ట్రెయిలరు నిలబెడతాడట, అదే స్టేజీ. మా అల్లుడు రాకపోతే బ్యాండు మూసేస్తామంది. గిటారు లేని కంట్రీ ఎవరు వింటారు?

"రావాలనే ఉంది. ఆంప్ లేదు. చూస్తున్నాను," అన్నాడు.

నిజంగానే చూశాడు. ఫోన్లో చూశాడు, కంప్యూటర్లో చూశాడు. ఒకటి మరీ బరువు. ఒకటి మరీ తేలిక. ఒకదానికి రివెర్బ్ లేదు, అంటే బావిలోకి అరిస్తే గొంతు తిరిగొచ్చినట్టు వచ్చే గుణం లేదు. ఇంకొకటి రాక్ పాటలకు తప్ప పనికిరాదట. కంట్రీకి స్వరం చిలవలు లేకుండా స్వచ్ఛంగా మోగాలి, సౌండు పెంచినా బొంగురుపోకూడదు.

"వాల్వులు లేనివి చవకట కదా, తేలికట కదా?" అంది నా కూతురు.

"వాటిలో ఆ వెచ్చదనం రాదు."

"రాకపోతే స్వెట్టరు వేసుకో."

మేం నవ్వాం. అతను నవ్వలేదు. రోజంతా వార్డులో క్షణాల మీద నిర్ణయాలు చేసే మనిషి, ఒక పెట్టె విషయంలో ఇలా నానుస్తున్నాడేమిటా అనుకున్నాను. బజారులో అన్ని వంకాయలకూ వంకలు పెట్టేవాడికి వండుకునే ఉద్దేశం ఉండదు. ఇతనికీ కొనే ఉద్దేశం లేదని నాకు తోచింది.

అయినా కౌంటీ, అంటే జిల్లా, దాటొచ్చని సర్కారు చెప్పగానే, పక్క కౌంటీలోని ఎన్నిస్‌లో ఒకాయన అమ్ముతున్నదాన్ని చూద్దాం పదండన్నాను. సెకండ్ హ్యాండ్‌ది. కొత్తది కొంటానంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. కిటికీలు సగం దించి, ఇద్దరం మాస్కులు పెట్టుకుని, కార్లనెక్కించుకునే పడవ మీద షానన్ దాటాం. అక్కడ ఆ నది మన గోదావరంత వెడల్పు. అంతసేపట్లో అల్లుడు మాట్లాడింది ఒక్కటే.

"చలిగా ఉందా అత్తయ్యగారూ?"

"లేదు బాబూ." చలిగానే ఉంది.

అమ్మే అతను పెట్టెను తన షెడ్డు గుమ్మంలో పెట్టి దూరంగా జరిగాడు. ఒక్కటే స్పీకరు, చంకలో ఇమిడేంత కాకపోయినా ఒక్క చేత్తో మోయొచ్చు. అల్లుడు స్విచ్చి వేసి ఊరికే నిలబడ్డాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. అదే వాసన. వెంట తెచ్చిన గిటారు తీగ మీద వేలు పడగానే కంచు గ్లాసును గోటితో కొట్టినట్టు మోగింది. నేను గేటు దాకా నడిచి విన్నాను. మెత్తబడని అన్నంలా ప్రతి స్వరం గింజ గింజగా ఉంది.

"బాగుంది," అన్నాను.

"ఇరవై రెండు వాట్లే అత్తయ్యగారూ. డ్రమ్ముల కింద పడి నలిగిపోతుంది. సౌండు పెంచితే గరగరమంటుంది. పాతదానికి ఆ బాధ లేదు."

వారం దాకా ఎవరికీ ఇవ్వొద్దని అమ్మే అతనికి నేనే చేతులతో సైగ చేసి చెప్పాను. "గ్రాండ్, గ్రాండ్," అన్నాడు, ఇక్కడ సరేననడానికి అంతే. పాతదానికి ఆ బాధ లేదన్న మాట తిరుగు పడవలోనూ నా చెవిలో ఉంది.

ఆదివారం పొద్దున సోఫా మీద ఉతికిన దుప్పటి పరిచి అల్లుణ్ణి పిలిచాను.

"ఇలా వచ్చి కూర్చోండి."

"ఏంటత్తయ్యగారూ ఇది?"

"అలకపాన్పు."

"అమ్మా! పెళ్ళయి పదిహేనేళ్ళయింది," అంది కూతురు.

"అయితే ఏం? అప్పుడు సరిగ్గా అలిగాడా? మీ నాన్న వెళ్ళి 'ఏం కావాలి అల్లుడూ' అంటే, 'ఏమీ వద్దు మావయ్యగారూ, ఆకలేస్తోంది' అని దిగొచ్చేశాడు. పెళ్ళికొచ్చిన వాళ్ళంతా ఒకటే నవ్వు."

పన్నెండేళ్ళ మనవరాలు పరుగెత్తుకొచ్చింది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఈ ఊరి యాసలో ఇంగ్లీషులోనే.

"వాట్స్ అలకపాన్పు, అమ్మమ్మా?"

"పెళ్ళికొడుకు మంచమెక్కి అలుగుతాడే. అత్తమామలు అడిగింది ఇస్తామనేదాకా దిగడు."

"సో డాడ్ జస్ట్ సల్క్స్ అండ్ గెట్స్ స్టఫ్? దట్స్ గ్రాండ్!"

అల్లుడు సిగ్గుపడుతూ దుప్పటి మీద కూర్చున్నాడు.

"అలా ఇకిలించకూడదు. మొహం అటు తిప్పుకోవాలి," అన్నాను.

తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి నవ్వుకి.

"యు ఆర్ బ్రూటల్ ఎట్ దిస్, డాడ్!" బ్రూటల్ అంటే ఈ ఊళ్ళో బొత్తిగా చేతకాదని.

"ఏం కావాలో అడగండి. అడిగేదాకా ఇడ్లీ లేదు," అన్నాను.

"ఆ పాత ఆంపే కావాలి అత్తయ్యగారూ." నవ్వుతూనే మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి నవ్వు లేదు. మొహం ఇటు తిప్పలేదు. "ఆ ఇంటికెళ్ళి ఎలా అడగను? ఆ రోజు డ్యూటీలో ఉంది నేనే."

మనవరాలు తల్లి చెయ్యి పట్టుకుంది.

"మీరు లేకపోతే ఆయన పక్కన ముక్కూమొహం తెలియనివాడు ఉండేవాడు. లేవండి. ఇడ్లీ తిని వెళ్దాం. నేనూ వస్తాను," అన్నాను.

ఒట్టి చేతులతో వెళ్ళకూడదని సున్నుండలు డబ్బాలో పెట్టాను. పోస్ట్‌మన్ భార్య పెరట్లో దూరం దూరంగా కుర్చీలు వేసింది. నాకంటే పెద్దది, సన్నగా, నిటారుగా ఉంది. ఆవిడ ఇంగ్లీషులో నాకు అందనిదాన్ని వెంట వచ్చిన మనవరాలు తనకొచ్చిన తెలుగులో చెప్పింది. అల్లుడు కుర్చీ అంచున కూర్చుని చేతులు నలుపుకుంటుంటే, ఆవిడే మొదలుపెట్టింది.

"ఎప్పుడొస్తావా అని చూస్తున్నాను. ఆసుపత్రి లోపలికి నన్ను రానివ్వలేదు. అక్కడ ఆయనకు తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఏమన్నాడు?"

అల్లుడు తల దించుకున్నాడు. "మీకు చలి చేస్తుందేమో చూడమన్నాడు. తర్వాత... ఆంప్ స్విచ్చి ఆపావా అని అడిగాడు."

ఆవిడ ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "అది ఆయనే. కచ్చితంగా ఆయనే."

అప్పుడు మనవరాలు ధైర్యం చేసి, డాడీకి ఆ ఆంప్ కావాలని చెప్పేసింది.

"ఆ దెయ్యాన్నా? ఇవ్వను," అంది ఆవిడ. "దాన్ని దించుతూ ఆయన నడుము ఎన్నిసార్లు పట్టేసిందో! చిన్నది కొనుక్కోమని నేను ఎంత పోరినా, 'ఉన్నది పనిచేస్తుండగా ఇంకోటెందుకు' అనేవాడు. నీకిచ్చేదాకా తిట్టుకుంటూనే మోశాడు."

ఆయన్ని నేను ఎప్పుడూ దూరం నుంచే చూశాను. ఆ ఒక్క మాటతో చుట్టమైపోయాడు.

"ఏదైనా చూశావా?" అని అల్లుణ్ణి అడిగింది.

"ఎన్నిస్‌లో ఒకటి. చిన్నది. డ్రమ్ముల ముందు ఆగదు."

"ముందు మైకు పెట్టుకుంటే?"

"ఆగుతుంది."

"మరి?"

ఆవిడ సున్నుండ కొరికి, ఇది దేంతో చేశావని నన్నడిగింది. మినుములని చెప్పించడానికి మనవరాలు నానా అవస్థా పడింది. వచ్చేటప్పుడు ఆవిడ గేటు దాకా వచ్చి అల్లుడితో అంది, "నేనొస్తాను వినడానికి. ముందు వరసలో కుర్చీ వేయించు."

మర్నాడే ఎన్నిస్ వెళ్ళాం. ఈసారి అల్లుడు దారంతా మాట్లాడాడు, వాల్వుల గురించే. సగం నాకు అర్థం కాలేదు. వినడానికి బాగుంది. అలకపాన్పు కానుక కాబట్టి అది నా ఖర్చే. బేరం కూడా నేనే ఆడాను, మళ్ళీ చేతులతో.

పాట రోజు సన్నగా తుంపర పడి ఆగింది. ట్రెయిలరు మీద, పాలు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె బోర్లించి దాని మీద ఆంప్ నిలబెట్టారు. ముందు మైకు. కుర్చీలు ఎడంగా వేశారు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు మాత్రం లేచి జంటగా ఆడొచ్చన్నారు. ముందు వరసలో ఆవిడ, రెండు బారల దూరంలో నేను, ఒళ్ళో సున్నుండల డబ్బా.

అల్లుడు స్విచ్చి వేసి, వాల్వులు వేడెక్కేదాకా ఆగాడు. జనం కూడా ఆగారు. అతను మా వైపు చూశాడు. ఆవిడ చేత్తో 'కానీ' అన్నట్టు సైగ చేసింది. మొదటి తీగ మోగింది. డ్రమ్ములు వచ్చి పడ్డాయి. చిన్నదే అయినా అది నలగలేదు, ఆ మోతలోంచి గింజ గింజగా నాకు వినిపించింది. రెండో పాటకు మా అమ్మాయి మనవరాలి చెయ్యి పట్టుకుని లేచింది. ఆవిడ కళ్ళు మూసుకుని, చెప్పు కాలితో తాళం వేస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక అల్లుడు గిటారు పట్టుకుని ప్రెస్ దగ్గరికి వెళ్ళి తలుపు తీశాడు.

"అక్కడ చోటు లేదండీ. చీపురు పక్కన ఊరగాయ జాడీ పెట్టాను," అన్నాను. "హాల్లో పెట్టుకోండి."