సగటులో కాపురం

మధ్యాహ్నం రెండున్నరకు నీడలో నలభై ఆరు పాయింట్ రెండు డిగ్రీలు. రీడింగమ్మ ఊపిరి బిగబట్టి, ముందు దశాంశం చూసి, తర్వాత డిగ్రీ చూసింది. మనిషి దగ్గరికొస్తే ఒంటి వేడికే పాదరసం కదులుతుంది కాబట్టి త్వరగా మారే అంకెను ముందు చదవాలి. ఇరవై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఈ వరస ఆమె ఒక్కసారీ తప్పలేదు. థర్మామీటర్లుండే తెల్ల చెక్కపెట్టె తలుపు మూసి, ఎదురుగా కొత్తగా లేచిన క్వార్టర్ వైపు చూసి మొహం తిప్పుకుంది. దాని రేకు కప్పు కళ్లలో పొడుస్తోంది.

ఆమె వాతావరణ కేంద్రంలో పరిశీలకురాలు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. నీళ్ల లారీ నడిపే మొగుడితో సహా అందరికీ రీడింగమ్మే. పన్నెండేళ్లు కొండమీది కేంద్రంలో చేసింది, తొమ్మిదేళ్లుగా ఎడారి కేంద్రంలో చేస్తోంది. రెండు చోట్లా కాపురం చేసిన మనిషి కనక, ఏది మేలని కొత్తవాళ్లు అడుగుతుంటారు.

"కొండమీద బట్టలు ఆరవు, ఇక్కడ రెండోది ఆరేసేలోపు మొదటిది ఆరిపోతుంది. అక్కడ అగ్గిపుల్ల వెలగదు, ఇక్కడ కుర్చీ కాళ్లు వాటంతటవే పగుళ్లిస్తాయి. అక్కడ గింజలు ఎంతసేపు ఉడికించినా పళ్లకింద కరకరలాడేవి. ఇక్కడ అన్నం బాగానే ఉడుకుతుంది, కానీ వడ్డించేలోపు ఇసుక కలుస్తుంది. మీరే తేల్చుకోండి" అంటుంది.

ఆమె మటుకు ఎప్పుడో తేల్చుకుంది. అందుకు కారణం అత్తగారు. కొండమీద వంటింటి నుంచి రోడ్డుకు పద్దెనిమిది మెట్లు. ఆ మెట్ల మీద ముసలావిడ మూడుసార్లు కూర్చునేది. గాలి పలచన, పైగా చెమ్మ. చలికాలమంతా పిల్లికూతలతో గడిచేది. గుండె కూడా బలహీనంగా ఉందని, పొడిగాలి ఉన్నచోటికి కిందికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. రీడింగమ్మ ఎడారికి బదిలీ కావాలని అర్జీ పెడితే, కోరి అక్కడికి పోయేవాళ్లుంటారా అని గుమాస్తా రెండుసార్లు అడిగి మరీ తీసుకున్నాడు.

ఇక్కడికొచ్చిన నెల్లాళ్లకే ఆవిడ ఊపిరి కుదుటపడింది. ఎడారి ఎండను ఆపే పని ఇల్లు చేసింది. కేంద్రం కట్టినప్పటి పాత భవనం అది. నడుమ ఆఫీసు గది, ఒక పక్క రీడింగమ్మ ఇల్లు, రెండో పక్క అటెండరు ఇల్లు. రెండు మూరల మందాన రాతిగోడలు, పైన మట్టికప్పు, అరచేతంత కిటికీలు. బయట నలభై ఆరు ఉన్నా లోపల ముప్పై ఒకటి దాటదు. అత్తగారి గుండెకు అదే మందు. ఇప్పుడు ఆ భవనాన్ని కూల్చేసి అందరినీ రేకు క్వార్టర్లలోకి మారమంటున్నారు.

క్వార్టర్ సగం కట్టినప్పుడు ఇంజినీరుగారు వచ్చారు. రీడింగమ్మ ఆయన్ని లోపలికి తీసుకెళ్లింది. దక్షిణం గోడ నిండా అద్దాల కిటికీ. కప్పు ఏటవాలుగా ఉంది.

"ఈ వాలు దేనికి సార్?"

"మంచు జారిపోవడానికి."

"ఏ మంచు?"

"ఇది డిపార్టుమెంటు నమూనా అమ్మా. అన్ని కేంద్రాలకీ ఒకటే."

"ఈ నమూనా కొండమీద పుట్టింది సార్. అక్కడ పొద్దున పడ్డ ఎండను పట్టుకుని రాత్రిదాకా దాచుకోవాలి, అందుకు పెట్టారు ఇంత అద్దం. ఇక్కడ ఎండను గుమ్మం బయటే ఆపాలి. రెండూ ఒకటెట్లా అవుతాయి?"

ఇంజినీరుగారు ఫైలు తెరిచారు. "మీ కేంద్రం ఏడాది సగటు ఇరవై ఐదు డిగ్రీలు. మీరు పంపిన అంకెలే. కొండ సగటు పదకొండు. ఈ లెక్కన మీదే హాయైన చోటు."

రీడింగమ్మకు ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లపాటు పూటపూటా తాను చదివి పంపిన అంకెలవి. చలికాలపు తెల్లవారుజామున మూడు డిగ్రీలు, వేసవి మధ్యాహ్నం నలభై ఆరు. ఆ రెండింటినీ కలిపి రుబ్బి, హాయి అని పేరు పెట్టారు.

"ఎవరూ సగటులో కాపురం చెయ్యరు సార్" అంది. "పైగా ఆ అంకెలు చెట్టునీడలాంటి పెట్టెలోవి. చుట్టూ గాలాడే చెక్కలు, తెల్ల రంగు. ఆ పెట్టెకున్న పాటి ఇల్లు కూడా మాకు కట్టలేదు మీరు."

ఆయన ఇంకో కాగితం తీశారు. "ఈ నమూనా చాలా బాగుందని రాసిచ్చింది మీరే కదా. కింద సంతకం చూడండి."

చూసింది. తన సంతకమే. పన్నెండేళ్ల కిందట, కొండమీద తొలి నమూనా ఇంట్లో దిగినప్పుడు, అభిప్రాయం రాయమంటే మనస్ఫూర్తిగా రాసింది. ఇల్లు వెచ్చగా ఉంది, చాలా బాగుంది అని.

"ఇది కొండమీద రాశాను."

"కాగితంలో కొండ అని లేదుగా అమ్మా."

గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ అత్తగారు అప్పటిదాకా వింటూనే ఉంది. "నాయనా, వచ్చే నెల మీ ఇంటివాళ్లతో వచ్చి ఈ అద్దాలింట్లో నాలుగు రోజులుండు. వండే పని కూడా ఉండదు. పిండి పిసికి కిటికీలో పెడితే చాలు" అంది. ఇంజినీరుగారు నవ్వి, జీపు ఎక్కి వెళ్లిపోయారు.

రీడింగమ్మ పెద్దాఫీసుకు ఉత్తరం రాసింది. జవాబు లేదు. ఇంకోటి రాసింది. క్వార్టర్ పూర్తయ్యాక అందులో థర్మామీటర్ వేలాడదీసి, మూడు మధ్యాహ్నాల అంకెలు తీసి మూడో ఉత్తరంలో పంపింది. లోపల యాభై ఒకటి, యాభై రెండు, యాభై మూడు. ఇంట్లో డెబ్భై ఎనిమిదేళ్ల గుండె జబ్బు మనిషి ఉందని, కొండకు తిరిగి పోతే ఊపిరాడదని, ఈ రేకుల కింద గుండె ఆగుతుందని రాసింది. మూడో ఉత్తరానికి మాత్రం రెండు వరసల జవాబొచ్చింది. ప్రభుత్వ థర్మామీటర్‌ను నివాస గృహాల్లో వాడరాదు. సోమవారం నుంచి కూల్చివేత మొదలవుతుంది.

ఆ కాగితం చదివి అటెండరు పెదవి విరిచాడు. "మనల్ని ఎవరు లెక్కచేస్తారమ్మా. ఆ బారోమీటర్ కూడా రేకుల కిందికే నడవాలట, మనతోపాటే."

రీడింగమ్మ చదవడం ఆపి అతని వైపు చూసింది. బారోమీటర్ ఆఫీసు గది గోడకు తగిలించిన పాదరసం గొట్టం. గాలి బరువు చూసేది. అది ఉన్న గదిలో వేడి ఒక్కసారిగా పెరగకూడదు, తరగకూడదు, ఎండ తగలకూడదు. ఈ సంగతి పరికరాల పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. మనుషుల గురించి అలాంటి పుస్తకం ఎవరూ వెయ్యలేదు.

నాలుగో ఉత్తరం ఆరు వరసలే రాసింది. అందులో అత్తగారి ఊసు లేదు. కొత్త భవనంలో ఒక్క రోజులో ముప్పై డిగ్రీల తేడా వస్తోంది, బారోమీటర్ చెడిపోతుంది, ఇరవై ఏళ్ల రికార్డు తెగిపోతుంది, అంతే.

రెండో రోజే ఫోనొచ్చింది. పెద్దాఫీసు నుంచి ఒక పెద్దమనిషి కంగారుగా మాట్లాడాడు. బారోమీటర్‌ను ఎవరైనా కదిలించారా, గోడ ఎంత మందం, గదిలో ఇప్పుడెంత ఉంది, ఇంత ముఖ్యమైన విషయం ముందే ఎందుకు చెప్పలేదు అని అడిగాడు.

"మూడు ఉత్తరాలు రాశాను సార్."

"వాటిలో బారోమీటర్ సంగతి లేదు కదమ్మా."

ఫోను పెట్టేసి ఆమె నాలుగు ఉత్తరాల నకళ్లూ ఒకే ఫైల్లో కుట్టింది.

శనివారం ఉత్తర్వు వచ్చింది. అత్తగారు మంచం మీంచే అడిగింది. "నా గురించి ఏమన్నా ఉందా అందులో?"

"లేదత్తయ్యా. బారోమీటర్ గురించి ఉంది. ఆఫీసు గదిని కూల్చరాదట. రెండు పక్కల ఇళ్లూ కూల్చాలట."

"పోనీలే. దానికి నేను తోడుంటాను. ఒంటరిగా దిగులు పడుతుంది పాపం."

అటెండరు పెళ్లాం మాత్రం నవ్వలేదు. ఇద్దరు పిల్లల్ని పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "మరి మేమో అక్కా?" అంది.

రీడింగమ్మ ఉత్తర్వు మళ్లీ మొదటినుంచీ చదివింది. గదిలో ఎవరుండాలో అందులో లేదు. ఎవరుండకూడదో కూడా లేదు. మడిచి ఫైల్లో పెట్టింది. "మంచం ఒకటే పడుతుంది. అది అత్తయ్యకి. మిగతావాళ్లం కిందే" అంది.

సోమవారం కూలీలు గడ్డపారలతో వచ్చారు. రాతిగోడలు ఒక పట్టాన లొంగలేదు. బుధవారం సాయంత్రానికి రెండు ఇళ్లూ నేలమట్టమయ్యాయి. నడిమి గది ఒక్కటీ మిగిలింది. పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. గురువారం మధ్యాహ్నానికి అందులో ఒక బారోమీటర్, ఏడుగురు మనుషులు.