అమ్మ మర్చిపోయే కొత్తిమీర

మా చిన్నప్పుడు... శామీర్‌పేట ఐతారం అంగడికి పోయినప్పుడల్లా, బస్టాపుల రెండు సంచుల నడుమ కూసొని నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు!

మా ఇల్లు తూంకుంట. వారానికోపాలి అమ్మెంబడి బస్సెక్కి పోయి కిరాణం, కూరగాయలు తెచ్చుకునేటోళ్లం. నాకప్పుడు పదమూడేండ్లు. ఒక్కతాన కూసునే రకం కాదు... కాళ్లకు చక్రాలు కట్టుకొని పుట్టినవే అని మా అవ్వ తిట్టేది.

అమ్మేమో సామానంత కొని, సంచులు మోసుకొని బస్టాపుదాంక వచ్చినంక నెత్తి కొట్టుకునేది.

"అయ్యో... కొత్తిమీర మర్చిపోయినే! సంచులు చూస్తుండు బిడ్డా, గిప్పుడే వస్త."

ఆ గిప్పుడే అంటే అరగంట! కండ్ల ముంగటనే ఒక బస్సు పోయేది, ఇంకోటి పోయేది. నేను లేస్తుంటి, కూసుంటుంటి, కోపమొచ్చి ఉల్లిగడ్డల సంచిని కాలుతోని తంతుంటి. ఇంటికాడ దోస్తులు ఆట మొదలువెట్టే ఉంటరని పానం కొట్టుకునేది. ఆఖరికి అమ్మ కొంగుతోని మూతి తుడుసుకుంట వచ్చేది... చేతుల గుప్పెడు కొత్తిమీర. ఒకవారం కొత్తిమీర, ఒకవారం అల్లం, ఇంకోవారం నిమ్మకాయలు. ఏదో ఒకటి మర్చిపోని వారం లేదు.

ఇంటికొస్తే నాయిన మొదలువెట్టేటోడు. "ఇంతసేపు ఏం కొన్నరే... అంగడినే కొనుక్కొచ్చిండ్రా?"

అన్నట్టు, ఆ అంగట్ల చిట్టచివర నీలం పరదా కింద మా పెద్దమ్మ ఆకుకూరలు అమ్మేది. అమ్మకు సొంత అక్క. కానీ మాకు వాళ్లకు రెండేండ్ల సంది మాటల్లేవు. పెద్దమ్మ బిడ్డ పెండ్లిల నాయినకు బట్టలు పెట్టుడు మర్చిపోయిండ్రట... ఆ దినం సంది ఆ గడప తొక్కొద్దని నాయిన ఒట్టు పెట్టిండు. నేను ఎంబడుంటె అమ్మ ఆ దిక్కు తల గూడ తిప్పకపోయేది.

సరే... మా అమ్మ మతిమరుపుకు మందు నేనే కనిపెట్టిన. నోటుపుస్తకంల కాయితం చింపి, వంటింట్ల డబ్బాలన్నీ తట్టి చూసి, ఏది అడుగంటిందో చిట్టి రాసిన. ఊకెనే రాయలే... అంగడి మొదట్ల ఎవరు, నడుమ ఎవరు, ఆ వరుసల రాసిన. మొదలు కిరాణం దుకాణంల చిట్టి ఇచ్చుడు, వాళ్లు పొట్లాలు కట్టేలోపల కూరగాయలు తీసుకునుడు, బరువైనయన్నీ ఆఖరికి. కొత్తిమీరనైతే అన్నిటికంటే పైన రాసి కింద గీత గీసిన!

ఆ వారం ఒక్క గంటలనే పని ఖతం. మొదటి బస్సుకే ఎక్కినం. నేను రాణి లెక్క కూసున్న. అమ్మ మాత్రం కిటికీల నుంచి ఎనుకకే చూస్తాంది.

"ఏమన్న మర్చిపోయినమా అమ్మా?"

"లేదు బిడ్డా... ఏం మర్చిపోలే."

రెండు వారాలు గట్లనే అయినయి. నాయిన మస్తు ఖుషీ అయిండు. "చిట్టి ఉన్నది కద, ఇద్దరెందుకు? ఇగ నువ్వు పోకు, పిల్లనే తెస్తది" అన్నడు. ఆ ఐతారం పొద్దటి నుంచి అమ్మ కాలుగాలిన పిల్లి లెక్క ఇంట్లకు వాకిట్లకు తిరిగింది. అన్నం పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది, మాడింది. నేను సంచులు పట్టుకొని బయలెల్తుంటే గేటు దాంక వచ్చి ఏదో చెప్పబోయి ఆగింది.

అంగట్ల నేను చిట్టి చూసుకుంట ఉరుకుతున్న. ఎవరో చెయ్యి పట్టి గుంజిండ్రు. చూస్తే పెద్దమ్మ!

"ఏమే... మీ అమ్మకు పానం మంచిగ లేదా? మూడు వారాల సంది వస్తలేదు?"

"మంచిగనే ఉన్నది పెద్దమ్మా. నేను చిట్టి రాస్తున్న గద, ఇగ ఏం మర్చిపోతలేదు" అన్న, గొప్పగ.

పెద్దమ్మ నా చేతిల చిట్టిని చూసింది. ఆమెకు చదువు రాదు. "మంచిగ రాసినవు బిడ్డా" అన్నది.

పక్కన తడి గోనెసంచి కింద నుంచి కొత్తిమీర కట్ట తీసి నా సంచిల పెట్టింది. ఆ పక్కనే సద్దిగిన్నె... మూత గూడ తియ్యలే.

"ఆమె వస్తదని ఆగిన. వారం వారం గీ బస్తా మీదనే కూసొని ఇద్దరం బుక్కెడు తింటుంటిమి. మీ నాయినకు చెప్పకు."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతోని చచ్చిపోయిన. ఎవలడిగిండ్రు నన్ను చిట్టి రాయమని?

పై వారం నాయినతోని గట్టిగనే చెప్పిన... "సంచులు మోస్తె భుజం గుంజుతాంది, అమ్మ రాకుంటె నేను పోను!" అమ్మ వచ్చింది. చిట్టి ప్రకారం అన్నీ కొన్నం. బస్టాపుకు వచ్చినంక నేనే నెత్తి కొట్టుకున్న.

"అయ్యో అమ్మా... కొత్తిమీర రాయుడు మర్చిపోయిన!"

అమ్మ నా మొఖం దిక్కే చూసింది. నేను సంచుల దిక్కు చూసిన. "సంచులు నేను చూస్తుంట... నువ్వు పోయిరా. జల్దీ ఏం లేదు."

నా తలకాయ మీద చెయ్యి పెట్టి, నడిచిందో ఉరికిందో గని పోయింది. బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది. నేను కదలలే.

తర్వాత తర్వాత నాయిన, పెద్దనాయిన రాజీ అయిండ్రు, మాటలు కలిసినయి. అయినా అమ్మ, పెద్దమ్మ కలిసి తినేది మాత్రం ఆ బస్తా మీదనే.

ఇప్పుడు ఫోన్ల ఒత్తితే చాలు, పది నిమిషాలల్ల సామాను గడప ముంగట ఉంటాంది. పైసలు కట్టే ముంగట ఆ ఫోనే అడుగుతది, ఏమన్న మర్చిపోయిండ్రా అని. నేను పక్కన కూసున్న అమ్మను అడుగుత. ఆమె ఒక్కొక్కటి యాది చేసి చెప్తది... ఉప్పు, పప్పు, అల్లం, కొత్తిమీర.

పెద్దమ్మ పోయి నాలుగేండ్లయింది. అమ్మ ఇప్పుడు ఏదీ మర్చిపోతలేదు.

మీ ఇంట్ల అమ్మ మాటిమాటికి మర్చిపోయే సామాను ఏందో... జర యాది చేసుకొని చెప్పుండ్రి.