‘నేను’ లేదన్న కాయితం

డెబ్బైలల్ల పటాన్‌చెరు ఫ్యాక్టరీల కంప్యూటరంటే ఒక గదంత మిషన్. ఆదివారం పని బందు గనక మేనేజరుసాబు నన్ను జెర వాడుకోనిచ్చిండు. అమెరికాల నల్లజాతోళ్లు తమ బానిస బతుకు గురించి చెప్పిన మాటలు, మా కొండాపూర్ దిక్కు ఆడోళ్లు వెట్టిచాకిరి గురించి చెప్పిన మాటలు పక్కపక్కన పెట్టి సూసుడు నా పరిశోధన. ఒక్కో మాటకు ఒక్కో అట్టకార్డు; మిషన్ దాని మీది చిల్లులనే సదువుతది. తెలుగు మాటలు గూడ ఇంగ్లీషు అక్షరాలల్లనే చిల్లులు కొట్టాలె. కొట్టీ కొట్టీ నా వేళ్లు గుంజేటియి.

మాటల పక్కన వ్యాకరణం గుర్తులు పెట్టింది మా గైడుసారు. కోస్తా మనిషి. పెద్ద పండితుడు, కాదన. మిషన్ ఆ గుర్తుల లెక్క తీసినంక కాయితం పట్టుకొని సంబురంగ వచ్చిండు.

"చూశావా అమ్మా, నల్లవాళ్ల మాటల్లో అడుగడుగునా ‘నేను’ ఉంది. మీ ఆడవాళ్ల మాటల్లో దాదాపు లేదు. తామంటూ ఒకరున్నారన్న స్పృహే వీళ్లకి లేదు. ఇదే నీ థీసిస్."

నాకు ఒళ్లు మండింది. ఆ మాటలు చెప్పినోళ్లల్ల మా పెద్దమ్మ గూడ ఉన్నది. ఆమెకు సోయి లేదా? ఆమె నోటికి ఊరంత జడుస్తది.

ఇంటికి వచ్చి కార్డులన్నీ ముందటేసుకొని కూసున్న. రెండు రోజులకు దొరికింది. పెద్దమ్మ "వెట్టి చేసిన" అన్నది. మా దిక్కు ‘చేసిన’ అంటే ‘నేను చేసిన’ అనే. సారుకు ‘చేశాను’ అంటేనే ‘నేను’. ‘చేసిన’ కనబడితే ‘చేసిన పని’ల ఉన్నట్టు విశేషణం అని గుర్తు పెట్టిండు. వచ్చిన, తిన్న, అన్న, అన్నీ గట్లనే కొట్టుకపోయినయి.

పోయి చెప్పిన. సారు నవ్విండు. "అది తప్పు తెలుగమ్మా. అన్నిటినీ ‘చేశాను’ అని దిద్దు, లేదా లెక్క అలాగే ఉంచు. లేకపోతే నేను సంతకం పెట్టను."

నల్లోళ్ల మాటలు రాసుకున్న తెల్లోళ్లు గూడ గిట్లనే దిద్దిండ్రు. గట్ల దిద్దుడు తప్పని చదువుకున్నదాన్ని, మా పెద్దమ్మ నోరు నేనే దిద్దాల్నా?

సంతకం లేకుంటే ఐదేండ్ల చదువు గంగల కలుస్తది. భయమైంది, అబద్ధమెందుకు. అయినా పెద్దమ్మ కార్డులు తీసి ఆయన ముందట్నే చదివిన.

"వెట్టి చేసిన. దెబ్బలు తిన్న. ఒకనాడు దొర చెయ్యి పట్టుకొని ఆపిన."

"ఎవరు ఆపిండ్రు, సార్?" అని అడిగిన.

"మీ పెద్దమ్మే కదా," అన్నడు, ఆలోచించకుండనే.

"మరి గుర్తు గూడ గట్లనే రాయుండ్రి."

రాయలె. సంతకం పెట్టలె. ఇంకో గైడు కింద చేరి పట్టా తెచ్చుకునేసరికి ఇంకో మూడేండ్లు పోయినయి. గుర్తులు మార్చిన గని, పెద్దమ్మ మాట ఒక్కటి గూడ దిద్దలె నేను.