సరోజక్కా, నేనూ, లైన్‌మనూ

చెన్నకేశవస్వామి మీద ఒట్టు, ఈ కింద రాయబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా కల్పన లేదు. మార్కాపురంలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట చదివి నవ్వుకుంటారని తెలుసు. తలస్నానం చేసి, తూర్పుకు తిరిగి కూర్చొని మరీ రాస్తున్నానంటే ఇంకేం చెప్పేది.

పోయిన ఆదివారం పొద్దున పదకొండు గంటలప్పుడు మా ఇంట్లో వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. టీవీ కింద ఉండే గేమ్ పెట్టె అడాప్టరుది ఆ వాసన. నాలుగు నెలలుగా ఆడుతున్న ఆట ఆ రోజే ముగిసింది. ఆటంటే చిన్న ఆట కాదు; దాంట్లో ఒక దేశమంత దేశం ఉంటుంది, ఏ దిక్కుకైనా పోవచ్చు, గుర్రమెక్కి ఎంత దూరం పోయినా ఇంకో ఊరు, ఇంకో అడవి, ఇంకో నది వస్తానే ఉంటాయి. చిట్టచివర మంచుకొండ మీది కోటలో రెక్కల రాక్షసుడొకడు. వాడి చేతిలో అరవై మూడుసార్లు చచ్చి, అరవై నాలుగోసారి చంపినాను. వాడు కూలగానే తెరమీద పేర్లు పైకి పోవడం మొదలైంది, ఆట తయారుచేసినవాళ్ళ పేర్లు, పావుగంట సేపు. ఒక్కటీ తెలిసిన పేరు కాదు. అయినా కదలకుండా కూర్చొని అన్నీ చదివినాను. చదివినాక, వాణ్ని చంపినానని ఎవరికన్నా చెబుదామని తల తిప్పితే, పైన ఫ్యాను తిరుగుతా ఉంది. అంతే. ఈ ఇంట్లో ఉండేది నేనొక్కడినే. అప్పుడు తగిలింది ముక్కుకు ఆ వాసన, ముప్పై మూడేండ్ల నాటి వాసన.

మా అమ్మానాయనలకు నేనొక్కడినే. నాయన పలకల ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఆ రోజుల్లో మార్కాపురంలో ఏ వీధిలో నిలబడినా రాయి కోసే మిషను చప్పుడు వినపడేది. వేపచెట్ల ఆకులూ, కోళ్ళ రెక్కలూ, తీగ మీద ఆరేసిన చీరలూ, మా కనురెప్పలూ, అన్నిటి మీదా బూడిదరంగు రాతిదుమ్ము సన్నగా పరుచుకొని ఉండేది. కాగితానికి కరువుండేదేమోగానీ మా ఇంట్లో పలకలకు కరువులేదు. అంచు పగిలిందనో, నడుమ గీత పడిందనో లారీకి ఎక్కనివన్నీ నాయన సైకిలు మీద వేసుకొచ్చేవాడు. రైలు టైములు పలక మీద, అమ్మ ఓళిగల పిండికి కొలతలు పలక మీద, బియ్యం డబ్బాకు మూత పలక, మంచినీళ్ళ కుండ మీద మూత పలక. ఎండాకాలమొస్తే వాకిట్లో పేర్చిన పలకల దొంతర ఎంత వేడెక్కేదంటే, దానిమీద గుడ్డు పెట్టి గోనెపట్టా కప్పి, కోడితో పని లేకుండానే పిల్లను తీసినాము.

అవ్వ, అంటే నాయన తల్లి, అదే ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు పనిచేసింది. చెక్క చట్రం బిగించి వచ్చిన ప్రతి పలకనూ తడిగుడ్డతో తుడిచి పెట్టెలో పేర్చడం ఆమె పని. పనికి పోవడం మానిందిగానీ ఆ చెయ్యి మానలేదు. నడుముకు తడిగుడ్డ దోపుకొని తిరిగేది. వక్కాకు నములుతా, ఎవరితోనో ఊరి సంగతులు మాట్లాడతా మాట్లాడతానే, చేతికందిన పలకనల్లా తుడిచేసేది. దాని మీద ఏముందో చూసేది కాదు. నాయన రాసిపెట్టుకున్న రైలు టైము అట్ల పోయి, ఆయన తర్లుపాడు పెండ్లికి వండినవన్నీ అయిపోయినాక చేరుకున్న రోజు కూడా ఉంది.

మా వీధి పిల్లలు నన్ను ఆటకు రానిచ్చేవాళ్ళు కాదు. కారణం నా నోరే. కంభం చెరువులో మొసలి మీదెక్కి ఈ కట్ట నుంచి అవతలి కొండదాకా పోయినానని మొదటిసారి చెబితే విన్నారు, రెండోసారి చెబితే నవ్వినారు, మూడోసారి నోరు తెరవగానే బిళ్ళంగోడు ఎత్తుకొని వేరే వీధికి పోయినారు. తిరునాళ్ళకు పోయినా, పీర్లపండక్కి నిప్పుల గుండం చూడబోయినా, నేను నా పక్కనున్న ఖాళీతోనే మాట్లాడుకుంటా నడిచేవాణ్ణి.

అట్లాంటి ఎండాకాలంలో గిద్దలూరు నుంచి సరోజక్క వచ్చింది. మా పెద్దనాయన కూతురు, పదహారేండ్లది. పదో తరగతి లెక్కల్లో తప్పి, జూన్‌లో మళ్ళీ రాసే పరీక్షకు మా ఊర్లో ట్యూషన్ చెప్పించుకుందామని పంపించినారు. వచ్చిన రోజే నేను మొసలి సంగతి ఎత్తుకున్నాను. ఆమె జడ విప్పుకుంటా అంతా విని అడిగింది: "ఎట్ల కూసున్నావురా శీనా? అటొక కాలు ఇటొక కాలు వేసినావా, రెండు కాళ్ళూ ఒకపక్కకే వేసినావా?"

అంతవరకూ నా కథల మీద ఎవరూ ప్రశ్న అడిగి ఎరగరు. ఆ రోజు నుంచి నేను సరోజక్క చెంగు వదల్లేదు.

మా మేనమామ లారీ డ్రైవరు. మద్రాసుకు పలకలు తోలుకపోయి, వచ్చేటప్పుడు ఒక వీడియో గేము తెచ్చినాడు, దాంతోపాటు ఒకే ఒక్క క్యాసెట్టు. ట్యూషన్ నుంచి వచ్చి, జొన్నన్నం, పుల్లటి గోంగూర తిని, అవ్వ గుమ్మంలో తలకింద పీట పెట్టుకొని ఒరిగినాక, మేమిద్దరం బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు చేరేవాళ్ళం. క్యాసెట్టు తీసి మూడుసార్లు ఊదడం, పెట్టడం, బొమ్మ వణికితే మళ్ళీ తీసి ఊదడం. కాసేపటికి అడాప్టరు వేడెక్కి గదంతా ఆ వాసన. తెరమీద బొటనవేలంత మనిషి, వాడి చేతిలో అగ్గిపుల్లంత కత్తి. వాణ్ని ఎటైనా నడిపించవచ్చు. దాంట్లో మాటలన్నీ ఏ దేశపు భాషో, చీమలు పారాడినట్టు ఉండేవి. అందుకని పేర్లన్నీ మేమే పెట్టుకున్నాము. మొదటి ఊరు తర్లుపాడు. అది దాటితే వచ్చే చెట్లన్నీ నల్లమల. అడవి మొదట్లో గుహ ఉన్నచోటు పెద్దారవీడు. దాటడానికి రెండు రోజులు పట్టిన నీళ్ళు కంభం చెరువు.

మొదటి వారంలోనే పక్కింటి మేక లోపలికొచ్చి రిమోట్ వైరు కొరికింది. అప్పటినుంచి మా మనిషి కుడికి పోతాడు, పైకి పోతాడు, కిందికి పోతాడు, ఎడమకు మాత్రం తిరగడు. ఎడమపక్క పది అడుగుల్లో అంగడి కనపడతా ఉంటే, కుడికి బయలుదేరి, అడవులూ చెరువులూ దాటి, లోకమంతా చుట్టి అవతలి నుంచి రావాల్సిందే. నెలన్నర పట్టిందంటే అందుకే.

ఆట ఆపే ముందు తెరమీద ముప్పై రెండు అక్షరాలు వచ్చేవి. మరుసటి రోజు అవే అక్షరాలు ఎక్కిస్తే ఆపిన చోటినుంచి సాగుతుంది, ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటి తర్లుపాడే. తెలిసిన భాష కాదు కాబట్టి గుర్తుపెట్టుకోవడానికి లేదు. బొమ్మల్లాగా చూసి గీసుకోవాల. నేను చెబుతుంటే సరోజక్క బలపంతో పలక మీద దించేది. "కొడవలి. నిచ్చెన. గొళ్ళెం. తలకిందులు గొళ్ళెం. తోక తెగిన తేలు." రాసినాక చట్రానికి ఎర్రదారం కట్టి, గోడకు మేకుకు తగిలించి అవ్వకు చెప్పేది: "అవ్వా, ఎర్రదారం కట్టిన పలకను మాత్రం ముట్టుకోబాక."

"నాకెందుకమ్మా మీ తేళ్ళూ జెర్రులూ" అనేది అవ్వ.

ఆఖరున ఉండేవాడికి మేము పెట్టిన పేరు లైన్‌మన్. కొండమీద నిలబడి చేతుల్లోంచి మెరుపులు విసిరేవాడు. వాడిదాకా పోయిన ప్రతిసారీ సరిగ్గా కరెంటు పోయేది. ఒక వారం పొద్దున కోత, ఒక వారం మధ్యాహ్నం కోత అని పేరుకే. మేము కొండెక్కడం వాడు ఎట్ల చూస్తా ఉన్నాడోగానీ, కత్తి ఎత్తగానే టీవీ నడుమ ఒక తెల్ల చుక్క మిగిలి అదీ ఆరిపోయేది. "వీడు ఆటలో లేడురా, సబ్‌స్టేషన్లో ఉన్నాడు" అనేది సరోజక్క. ఇద్దరం నేల మీద పడి నవ్వేవాళ్ళం. అంతగా నవ్వింది మళ్ళీ గుర్తులేదు నాకు.

జూన్ వచ్చింది. తొలకరి పడి, రాతిదుమ్ము మీద వాన పడినప్పుడు వచ్చే ఆ మన్ను కాని మన్ను వాసన లేచింది. సరోజక్క పరీక్ష రాసేసింది. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులేసి ఊరేగించినారు. మాకు ఎద్దులు లేకపోయినా అమ్మ ఓళిగలు చేసింది, నెయ్యి వేసి నాలుగు తిన్నాను. తింటా ఉంటే నాయన అన్నాడు: "సరోజమ్మా, ఎల్లుండి మీ నాయన వస్తున్నాడంట, తీసకపోవడానికి."

నేను చేతిలోని ఓళిగను పళ్ళెంలో పెట్టేసినాను. సరోజక్క మాత్రం నా వైపు చూసి కన్ను కొట్టి, "లైన్‌మన్‌ని చంపంది నేను రైలెక్కేది లేదు చిన్నాయనా" అన్నది. అందరూ నవ్వినారు. నేను నవ్వలేదు. ఆ మాటను నేను మాటగా పట్టుకున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం కొండెక్కినాము. రిమోట్ సరోజక్క చేతిలో ఉంది. మెరుపులన్నీ తప్పించుకుంటా, కుడికే తిరుగుతా, వాడి ప్రాణం ఒక్క గీతకు తెచ్చింది. ఇంకొక్క దెబ్బ. కరెంటు పోయింది. ఈసారి ఆమె నవ్వలేదు, రిమోట్ ఒళ్ళో పెట్టుకొని, "రేపు పొద్దున, మా నాయన వచ్చేలోపల" అన్నది. గోడమీది పలక ఉంది కదా, కొండ కింది నుంచి మొదలుపెట్టవచ్చు.

పొద్దున చూస్తే పలక మీద ఏమీ లేదు. అవ్వ తుడిచేసింది.

సరోజక్క కాసేపు నమ్మలేదు, వెనక్కి తిప్పి చూసింది. తర్వాత ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చినాయి. "ఎన్నిసార్లు చెప్పినాను అవ్వా! ఎర్రదారం కనపడలేదా? నీ చేతులు పడిపోను!"

అవ్వ పలకను చేతిలోకి తీసుకొని, వాకిలి వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "నేనే తుడిచినట్టున్నానమ్మా" అన్నది. "ఈ చెయ్యి ఊరుకోదు."

పెద్దనాయన వచ్చినాడు, కాఫీ తాగినాడు, సరోజక్క పెట్టె తీసుకున్నాడు. మళ్ళీ మొదటినుంచి ఆడదాం, ఇంకొక నెల ఉండు అక్కా అని నేను చెయ్యి పట్టుకున్నాను. "ఆటేందిరా ఇంకా" అని చెయ్యి విడిపించుకుంది. పోయేటప్పుడు అవ్వకు చెప్పిపోలేదు. లెక్కల్లో పాసై హాస్టల్లో చేరింది, ఆ తర్వాత ఏ సెలవులకూ మా ఊరు రాలేదు. నేను ఒక్కణ్ణే తర్లుపాడు నుంచి రెండుసార్లు మొదలుపెట్టినాను. నల్లమల దాటకముందే చాలించినాను. పేర్లు పెట్టుకోవడానికి ఇంకొకరు కావాల.

అవ్వ ఆ తర్వాత తడిగుడ్డ నడుముకు దోపుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. నేను బడినుంచి పలక తెచ్చి పక్కన పెడితే, "ఇది తుడవచ్చునా నాయనా?" అని అడిగేది. మూడేండ్ల తర్వాత పోయింది. అంతవరకూ అడుగుతానే ఉంది.

ఇప్పుడు మా వీధిలో మిషను చప్పుడు లేదు. ఫ్యాక్టరీ ఉన్నచోట పెండ్లిమండపం లేచింది, ఆకులు ఆకుపచ్చగానే ఉంటున్నాయి. బడిపిల్లల చేతుల్లో పలకే లేదు. ఆదివారం ఆ పేర్లన్నీ పైకి పోయినాక గిద్దలూరుకు ఫోన్ చేసినాను.

"రాక్షసుణ్ణి చంపినానక్కా."

"ఈ వయసులో ఏం ఆటలురా శీనా" అని సరోజక్క నవ్వింది. నవ్వి, గొంతు తగ్గించి, "ఇప్పటికీ మనసులో తొలుస్తా ఉంటుంది రా" అన్నది, "అవ్వను అంత మాట అన్నాను. ముసలామె, మర్చిపోయి తుడిచింది, దానికి చేతులు పడిపోవాలన్నాను. పోయినప్పుడు చూడను కూడా రాలేదు."

నోటిదాకా వచ్చింది. సిగ్నల్ సరిగా లేదని పెట్టేసినాను.

ఒట్టు వేసినాను కాబట్టి ఇక్కడైనా చెప్పాల. గుడ్డు పిల్ల కావడం నిజం. మేక నిజం. మొసలి కూడా నిజమే. ఈ మొత్తంలో నేను కల్పించింది రెండే రెండు మాటలు: "అవ్వ తుడిచేసింది."

సరోజక్క స్నానానికి పోయినప్పుడు, స్టూలెక్కి, ఉమ్ముతో అరచెయ్యి తడుపుకొని తుడిచింది నేను. ఆట పోతే మళ్ళీ మొదటినుంచి ఆడాల, ఆడాలంటే ఆమె ఇంకొక నెల ఉండాల. పదేండ్ల బుర్రకు తోచిన లెక్క అది. అవ్వ తుడిస్తే పలక మీద చార మిగలదు, నల్లగా, అప్పుడే కోసిన రాయిలాగా ఉంటుంది. ఆ పొద్దున ఆ పలక మీద తెల్లగా ఆరిన ఉమ్ము మరక ఉంది, నాలుగు చిన్న వేళ్ళ చారలున్నాయి. ఏడుస్తున్న సరోజక్కకు అవి కనపడలేదు. వెలుతురుకు పట్టి చూసిన అవ్వకు కనపడినాయి. చూసి, తలెత్తి, స్టూలు పక్కన నిలబడి ఉన్న నా వైపు ఒక్కసారి చూసింది. ఆ తర్వాతే తాను తుడిచినట్టు ఒప్పుకున్నది.