బావ ముందు ఆయిల్ మార్చిన రోజు

ఎనిమిదో తరగతిలో నేను పుస్తకం కంటే వరండా గోడనే ఎక్కువ చదివాను. క్లాసులో నోరు మూయడం లేదని మాస్టారు రోజూ నన్ను బయట నిలబెట్టేవారు. ఒకరోజు నిలబడి నిలబడి కాళ్లు పీకి, మెల్లగా గేటు దాటి రోడ్డెక్కేశాను. మళ్లీ వెనక్కి వెళ్లలేదు. పాపం ఆ మాస్టారు రిటైరయ్యేదాకా నేనింకా వరండాలోనే ఉన్నాననుకుని ఉంటారు.

రోడ్డెక్కినవాడిని తిన్నగా మా బావ షెడ్డులో తేలాను. బావంటే మా అక్క మొగుడు. నర్సీపట్నం నుంచి కోటవురట్ల వెళ్లే దారిలో రేకుల షెడ్డు వేసుకుని కార్లూ జీపులూ బాగుచేసేవాడు. మాట తక్కువ మనిషి. బండి వచ్చిందంటే ముందు ఇంజన్ స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని చప్పుడు వినేవాడు. నేను పక్కనుంటే ఆయనకి ఇంజన్ వినపడేది కాదు. ఆరు నెలలు ఓర్చుకున్నాడు. ఏడో నెలలో ఒక బండి తాళాలు నా చేతిలో పెట్టి, "డ్రైవింగ్ నేర్సుకోరా. బండి కదిలేక పేసింజర్లు దిగి పారిపోలేరు," అన్నాడు.

అలా డ్రైవర్నయ్యాను. తర్వాత తర్వాత ఆయన పాత డీజిల్ కారునే కిరాయికి తిప్పడం మొదలుపెట్టాను. పెళ్లిళ్లకీ, చింతపల్లి ఘాటుకీ, ఆస్పత్రులకీ. మా ఇల్లూ అక్క ఇల్లూ ఆ నాలుగు చక్రాల మీదే నడిచాయి.

పోయిన ఏడాది వానాకాలం చివర్లో బావకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు ఈడుస్తున్నాడు, మాట పడిపోయింది. మనం అన్నదంతా అర్థమవుతుంది. చెప్పాల్సింది లోపల సిద్ధంగానే ఉంటుంది. బయటికి రాదు. ఒక్క మాట కోసం మెడ నరాలు బిగిసి, పెదవులు వణికి, కళ్లలో నీళ్లు తిరిగి, చివరికి సగం ముక్క వస్తే అదే గొప్ప.

విశాఖపట్నంలో మాట నేర్పే మేడమ్ ఒకావిడ ఉందంటే తీసుకెళ్లాం. ఆవిడ మొదటిరోజే దాచకుండా చెప్పింది. రావాల్సిన మాట చాలావరకు మొదటి ఏడాదిలోనే వస్తుంది, ఏడాది దాటితే కష్టమవుతుంది, వారం వారం తప్పకుండా రావాలి అని. బావని బస్సు ఎక్కించడం మా వల్ల కాదు. షేరాటోలో కూర్చోబెడితే వాలిపోతాడు. కారు ముందు సీటు వెనక్కి వాల్చి, నడుముకి తుండుగుడ్డ చుట్టి కట్టి తీసుకెళ్లేవాణ్ని. ప్రతి సోమవారం. ఆ కారే లేకపోతే ఆ మాట లేదు, అంతే లెక్క.

నాలుగో నెలలో ఒక పొద్దున్న బావ మంచం మీంచి మా అక్కని "ఒలే" అని పిలిచాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ పిలుపుకి విసుక్కునే మా అక్క ఆ రోజు వెంటనే పలకలేదు. వంటింటి గుమ్మంలో చేట పట్టుకుని నిలబడిపోయింది, ఇంకోసారి పిలుస్తాడేమోనని.

ఆ మాట మేడమ్‌కి చెబితే సంతోషించి, ఇంట్లో చేయమని ఒక పని చెప్పింది. ఆయనకి బాగా తెలిసిన పని దగ్గర కూర్చోబెట్టండి. ఆ పని గురించి అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి, ఎంతసేపైనా సరే. మధ్యలో మీరు మాట అందించకండి. ఈ చివరి ముక్క నా వైపు చూసి అంది. అందరికీ చెప్పేదే నాకూ చెప్పిందనుకున్నాను.

కారుకి ఇంజన్ ఆయిల్ మార్చాల్సిన టైమ్ అయింది. ఏదైనా షెడ్డులో ఇస్తే గంటలో అయిపోయే పని. కానీ బావకి అంతకంటే తెలిసిన పని ఏముంది? ఆదివారం పొద్దున్నే అక్క వాకిట్లోకి కారు తెచ్చి, ముందు చక్రాలు రెండు దుంగల మీదకి ఎక్కించి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాను. బావని ప్లాస్టిక్ కుర్చీలో బానెట్ ఎదురుగా కూర్చోబెట్టాం. ఆయన కారు వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. షెడ్డు మూతబడ్డాక ఇంజన్ని అంత దగ్గర్నుంచి చూడటం ఆయనకి అదే మొదటిసారి.

ఇంజన్ కాసేపు తిప్పి ఆయిల్ వేడెక్కనిచ్చాను. పల్చబడితే అడుగు మడ్డితో సహా కారిపోతుంది. ఇది ఆయన నేర్పిందే. గోనె సంచి పరుచుకుని కారు కిందికి దూరి, తల మాత్రం బయటపెట్టి, "ఏ నంబర్ స్పానర్ బావా?" అని అడిగాను. నాకు తెలుసు. అయినా అడిగాను. ఆగాను. అక్క కుళాయి దగ్గర బిందె నింపి లోపల పెట్టి మళ్లీ వచ్చింది. ఇంకా ఆగాను.

"ప... ది... హేడు," అన్నాడు.

అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూశాను. నా జన్మలో నేను నోరు మూసుకుని గెలిచింది అదొక్కసారే.

బోల్టు తీశాను. నల్లటి ఆయిల్ పాత బేసిన్‌లోకి ధారగా పడింది. అప్పుడే పక్కింటి పెద్దాయన ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చాడు. రావికమతం దగ్గర పల్లె నుంచి కొడుకు ఇంటికి వచ్చి ఉంటున్నాడు. ఆవుల పాకకి గుంజలు పాతించాడట, చెద పట్టకుండా ఈ కాలిన ఆయిల్ పూస్తాడట. "బేసిన్ కడగకు మనవడా, ఆ అడుగుది కూడా నాకే," అంటూ అరుగు మీద కూర్చున్నాడు. అక్క టీ తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

అదే నా కొంప ముంచింది. ఇద్దరు మనుషులు నావైపు చూస్తూ కూర్చుంటే నాకు పూనకం వస్తుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆయిల్‌తోపాటు మార్చాల్సిన పాత ఫిల్టర్ బిగుసుకుపోయింది. చేతికి తిరగలేదు. దాన్ని తిప్పే పనిముట్టు షెడ్డులోనే ఉండిపోయింది. స్క్రూడ్రైవర్ ఒకటి ఫిల్టర్ పొట్టలోకి దిగ్గొట్టి, దాన్నే పిడిలా పట్టుకుని తిప్పాను. ఊడింది. ఆయిల్ మోచేతి మీదుగా చంకలోకి దిగింది. "తలకి రాసుకుందునే గానీ, రాసుకోడానికి జుట్టేదీ?" అన్నాను. పెద్దాయన నవ్వాడు. అక్క పెదవి కొసన ఏదో కదిలింది. ఇక ఆగలేదు. బావ పెళ్లినాడు తాళి కట్టబోతూ కూడా బయట ఆగిన జీపు చప్పుడు విని ఏ పార్టు పోయిందో ఆలోచించాడనీ, అందుకే మూడో ముడి వదులైందనీ, అక్క ఇప్పటికీ దాన్ని బిగించుకుంటూనే ఉందనీ చెప్పాను.

కొత్త ఫిల్టర్ చేతిలోకి తీసుకుని, దాని అంచునుండే రబ్బరు రింగుకి వేలితో ఆయిల్ రాస్తున్నాను. బావ ఎడమ చెయ్యి లేచింది.

"ర... ర..."

ఆగాల్సింది. ఇందాక ఆగినవాణ్నే. కానీ ఇందాక నవ్వేవాళ్లు లేరు.

"రసమా బావా? పొద్దున్నే రసమేటి?" అన్నాను. పెద్దాయన పగలబడ్డాడు. "ర... ర..." అని బావ మళ్లీ మొదలుపెట్టాడు. మెడ నరాలు లేచాయి. "ఓలక్కో, రసం కాదంట, రమ్ము సీసా అంట. మీ ఆయనకి పాత అలవాట్లు తిరిగొస్తన్నాయి, మేడమ్‌కి ఫోన్ సెయ్యి," అన్నాను.

అప్పుడు నవ్వింది మా అక్క. ఆర్నెల్ల తర్వాత. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా, కళ్లు తుడుచుకుంటూ. ఆ నవ్వు చూసి నాకు ఇంకేమీ కనపడలేదు. బావ ఇంకోసారి "ర" అన్నాడు. నేను ఇంకోటి అన్నాను, ఏమన్నానో ఇప్పుడు గుర్తు లేదు. బావ చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన కూడా నవ్వాడు, ఆ మిగిలిన ఎడమ పక్కతో. నా జోకు పేలిందనుకున్నాను.

ఫిల్టర్ చేత్తో బిగించాను. కింద బోల్టు బిగించాను. కొత్త ఆయిల్ పోసి, ఆయిల్ కొలిచే కడ్డీ తీసి తుడిచి చూస్తే గీత దగ్గరే ఉంది. ఇంజన్ స్టార్ట్ చేసి కిందికి తొంగిచూశాను. ఒక్క చుక్క కారలేదు. పెద్దాయన డబ్బా నింపుకుని వెళ్లాడు.

మర్నాడు సోమవారం. బావ ముందు సీట్లో, అక్క వెనక సీట్లో. తాళ్లపాలెం దాటి హైవే ఎక్కాం. నేను ఒక పెళ్లివారి కథ చెబుతున్నాను. చివరి మలుపుకి వచ్చేసరికి స్టీరింగ్ వెనక ఎర్ర దీపం వెలిగింది, నూనె డబ్బా బొమ్మది. చూశాను. చూడలేదని అనను. ఇంకో రెండు ముక్కలే మిగిలాయి, అవి చెప్పేసి పక్కకి ఆపుదామనుకున్నాను. బావ ఎడమ చేత్తో తలుపు మీద దబదబా బాదాడు. "వస్తన్నా, వస్తన్నా," అన్నాను. జోకు పూర్తయ్యేసరికి ఇంజన్ కూడా పూర్తయింది. కింద ఎవరో సుత్తులతో కొడుతున్నట్టు నాలుగు చప్పుళ్లు, ఆపైన కారు ఒక్కసారిగా బిగుసుకుపోయింది.

దిగి చూస్తే మేం వచ్చిన దారంతా నల్లటి గీత. కారు పొట్ట మొత్తం ఆయిలే. చల్లారాక గుడ్డ చుట్టి ఫిల్టర్ విప్పాను. దానితోపాటు రెండు రబ్బరు రింగులు వచ్చాయి. ఒకటి కొత్తది. రెండోది పాత ఫిల్టర్‌ది. ఫిల్టర్ ఊడినప్పుడు దాని రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయింది. నేను చూసుకోకుండా దాని మీద కొత్తది బిగించాను. రింగు మీద రింగు మొదట్లో ఆగుతుంది. వేడెక్కి, స్పీడు పెరిగితే జారిపోతుంది. షెడ్డులో చేరిన మొదటి వారంలోనే బావ నేర్పిన సంగతి. కొత్తది బిగించే ముందు పాత రబ్బరు వచ్చిందో లేదో చూసుకోవాలని.

రబ్బరు. ఆ మాటలో మొదటి అక్షరం దాకా ఆయన మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ నేను వెనక్కి తోశాను.

కారుని తాడు కట్టి లాక్కొచ్చాం. చూసిన మెకానిక్ ఇంజన్ మొత్తం మార్చాలన్నాడు. ఎంతవుతుందని కూడా నేను అడగలేదు. తర్వాత రెండుసార్లు వేరే కారు మాట్లాడి విశాఖపట్నం తీసుకెళ్లాం. మూడోసారి కుదరలేదు. నేను ఇప్పుడు ఎవరిదో ఆటో నాతవరం దాకా తిప్పుతున్నాను. ముందు అద్దంలో జనం కనపడతారు, కథలేమీ చెప్పను. సోమవారం కూడా మిగతా రోజుల్లాగే వచ్చి పోతోంది.

మేడమ్ ఇచ్చిన బొమ్మల కార్డులు పట్టుకుని వీలైనప్పుడల్లా బావ ఎదురుగా కూర్చున్నాను. కుక్క, కుండ, చెట్టు. ఎంతసేపైనా ఆగాను. ఆ ఆగడం అప్పటికి ఎవరికీ పనికిరాలేదు. ఆయన కార్డు వైపు చూస్తాడు, నా వైపు చూస్తాడు, నోరు తెరవడు. తెరిస్తే ఏమవుతుందో వాకిట్లో చూశాడు కదా. కొన్నాళ్లకి "ఒలే" కూడా ఆగిపోయింది. ఏదైనా కావాలంటే చెంచాతో స్టీలు గ్లాసు మీద కొడతాడు. అక్క ఆ చప్పుడికి వెళుతుంది. మళ్లీ వానలు వచ్చాయి. మేడమ్ చెప్పిన ఏడాది అక్క వాకిట్లోనే, టార్పాలిన్ కప్పిన ఆ కారు పక్కనే అయిపోయింది.

మొన్న ఒక మధ్యాహ్నం ఆటో ఆపి అక్క ఇంటికి వెళ్లాను. ఎండా వానా కలిసి పడుతున్నాయి. బావ అరుగు మీద కుర్చీలో కూర్చుని టార్పాలిన్ వైపు చూస్తున్నాడు. ఆ పాత రింగు నేను పారేయలేదు, జేబులోనే ఉంటుంది. తీసి ఆయన చేతిలో పెట్టాను. ఏమొచ్చిందో నాకు, ఏడుపు వచ్చిందో కోపం వచ్చిందో. మాట పోయిన మనిషి మీద అరవకూడదని తెలిసి కూడా అరిచాను.

"నీ కళ్లెదురుగానే బిగించేను గదా బావా. నీకు తెలుసు. ఎలగోలాగ ఒక్క మాట సెప్పలేకపోయేవా?"

చెంచా కోసం చూశాడు. తీసుకోలేదు. ఎడమ చెయ్యి కుర్చీ పిడి మీద బిగుసుకుంది. మెడ నరాలు లేచాయి. గుమ్మంలోకి వచ్చిన అక్క అక్కడే ఆగిపోయింది. వాన తెరిపిచ్చింది, మళ్లీ పట్టుకుంది. నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. ఆయన పెదవుల మీదికి వచ్చేదానికి నా దగ్గర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటీ అందించలేదు.

"ఇం... కా..." అన్నాడు బావ. ఊపిరి తీసుకున్నాడు. "సెప్త... న్నా... న్రా."